శాంతమూర్తి కాని సారు

ఈ రోజు చిట్యాలలో ఒక సారు వర్ధంతి సభకు వెళ్లొచ్చాను. చనిపోయిన ఆ సారు పేరు మీద ఇచ్చే స్కాలర్‌షిప్‌తోనే మేం ఐదుగురం నల్లగొండలో డిగ్రీ చదువుతున్నాం. సభలో ఒక్కొక్కరం ఆయన గురించి మాట్లాడాలి. మాలో ఎవరూ ఆయన్ను చూడలేదు. అందరి ప్రసంగాలూ నేనే రాశాను. వారం రోజులు రాసి రాసి చెయ్యి పీకింది. శాంతమూర్తి అనే మాట ఈ మధ్యే నేర్చుకున్నాను, ముచ్చటపడి ఐదింటిలోనూ పెట్టాను.

సభ అయ్యాక సారు భార్య మమ్మల్ని పిలిచింది.

"గివన్నీ ఎవరు రాసిన్రు బిడ్డా?"

నలుగురూ ఒక్కసారే నా వైపు చూశారు. వచ్చే ఏడాది ఫీజు పోయినట్టే అనుకున్నాను.

"నేనేనమ్మా."

"మా సారు శాంతమూర్తా? పత్తిచేన్లకెళ్లి పిల్లలను బడికి గుంజుకొచ్చేటోడు. పంపని అయ్యలను నడిబజార్ల తిట్టేటోడు. ఆయన సైకిల్ కనబడితే సగం ఊరు దాక్కునేది. గా మనిషి మీ మాటలల్ల యాడున్నడు?"

చేతిలో ఉన్న నా ప్రసంగం కాగితాన్ని నాలుగు మడతలు పెట్టాను.

"ఫికర్ చెయ్యకు. ఏటేటా ఎవరినో పొగుడుతుంటే ఇని ఇని యాష్టకొచ్చింది. మల్ల ఏడాది ముందుగాల ఇంటికి రా, నేను చెప్త. అప్పుడు రాయి."

ఫీజు పోలేదు. బస్సులో సీటు మాత్రం దొరకలేదు, నల్లగొండ దాకా నిలబడే వచ్చాను. ఆ సైకిల్ ఒక్కసారి మా ఊరి దాకా వచ్చి మా బాపును తిట్టి ఉంటే, మా అక్క కూడా చదువుకునేది.

మీ ఊళ్లో అట్లా తిట్టిన సారు ఉంటే కింద రాయండి. పొగడ్తలు వద్దు, ఈ రోజుకు చాలా అయ్యాయి.