బావిలో పడేసిన చెంబు

నా చిన్నప్పుడు మా బావిలో వస్తువులు పడటం అరుదు. గత్తర, అంటే కలరా, వచ్చిన ఏడాది మాత్రం రోజూ ఏదో ఒకటి పడేది. ఒకరోజు చెంబు, ఒకరోజు గ్లాసు, మరొకరోజు చిన్న బిందె. అన్నీ మా నాయనమ్మ చేతిలోంచే జారేవి.

అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. వరంగల్‌లో మా ఇంటి ముందు గదిని ఇద్దరు యూనివర్సిటీ విద్యార్థులకు అద్దెకిచ్చాం. వాంతులు, విరేచనాలతో ఒక్క రోజులో మనిషిని తీసుకుపోయే ఆ జబ్బు ఆ కాలంలో ఎన్నో దేశాలు తిరిగిందని తర్వాత చదువుకున్నాను. మాకు తెలిసింది మా వాడ మాత్రమే. మున్సిపాలిటీ వాళ్లు వచ్చి బావిలో బ్లీచింగ్ పౌడరు కలిపి పోయారు. యూనివర్సిటీ మూసేశారు, పరీక్షలు వాయిదా పడ్డాయి. ఇద్దరిలో పాలకుర్తి నుంచి వచ్చిన అతనికి ఒక సాయంత్రం వాంతులు మొదలయ్యాయి. రెండో అతను రిక్షాలో దవాఖానకు తీసుకుపోయాడు. మరునాడు ఒక్కడే తిరిగి వచ్చాడు.

అతనిది తొర్రూరు దగ్గర పల్లె. అక్కడా గత్తర ఉంది, ఇప్పుడు రావద్దని తండ్రి కబురు పంపాడు. అతను గదిలోనే ఉండిపోయాడు. పుస్తకాలు మూసిన చోటే ఉన్నాయి. గడ్డం పెరిగింది. వాడలో అందరూ జాలిపడ్డారు. ఒకరు గడప దగ్గర అన్నం పెట్టేవారు, ఒకరు నీళ్లు నింపి పెట్టేవారు. పాపం, పండుకోనియ్యండి అనేవారు. అన్నం చాలాసార్లు అలాగే ఉండేది. తెల్లవారగానే మాత్రం అతను వచ్చి, బావి గట్టు మీద చేతులు పెట్టి లోపలికి చూస్తూ నిలబడేవాడు. నీళ్లు ఎంత లోతున్నాయో చూస్తున్నాడనుకున్నాను. నాయనమ్మ కిటికీలోంచి అతన్ని చూసేది.

ఆ వారమే ఆమె చేతులు జారడం మొదలైంది. "బిడ్డా, నా చెంబు పడ్డది. జర గాలమేసి తీసియ్యి," అని అతని తలుపు కొట్టేది. గాలమంటే తాడుకు కట్టిన ఇనుప కొక్కేల గుత్తి. దాన్ని అడుగున తిప్పుతూ వెతకాలి, చెంబు అంచు తగలాలి, జారకుండా పైకి లాగాలి. గంట పట్టేది. ఆ గంటలో నీళ్లకు వచ్చినవాళ్లు చుట్టూ చేరి తలో మాట అనేవారు.

"చేతులకు నూనె రాసుకున్నవా ఏంది అవ్వా, రోజొకటి జారుతాంది," అనేది పక్కింటి అక్క.

"ముసలిదాన్నయితి గదనే. నీ చేతులు ఎన్ని దినాలు గట్టిగుంటయో సూస్త," అనేది నాయనమ్మ.

అతను తాడు తిప్పుతూనే ఉండేవాడు. తాడుకు అరచేతులు కమిలిన రోజు రెండు ముద్దలు తిన్నాడు.

ఒక ఉదయం ఆమె బిందెను గట్టు మీద పెట్టి, అటూ ఇటూ చూసి, వేలితో తోసింది. నేను చూశాను. ఎందుకు పడేశావని అడిగాను.

"ఎవ్వరికి చెప్పకు," అంది. మళ్లీ తనే, "బాయి దిక్కు ఊకె సూసేటోనికి బాయిల ఏదన్న పని ఉండాలె," అంది. తర్వాత, నన్ను కాక గోడను చూస్తూ, "మీ చిన్నాయనకు నేను ఏ పని చెప్పలె. మనసు బాగలేదన్నడు. పండుకోనియ్యిండ్రి అన్న," అంది.

మా నాన్న తమ్ముడు పొలం దగ్గరి బావిలో కాలు జారి పడ్డాడని ఇంట్లో చెప్పేవారు. ఆ రోజు నుంచి నేను ఆ మాట అనలేదు.

ఆ బిందె కోసం వేసిన గాలానికి వేరే చెంబు వచ్చింది. నాచు పట్టి ఉంది. అతను బొటనవేలితో రుద్దితే అంచు మీద చెక్కిన పేరు బయటపడింది. చనిపోయిన స్నేహితుడి తల్లి పేరు. చదువుకు వచ్చేటప్పుడు ఆమె ఇచ్చి పంపిన చెంబు అది. ఎండాకాలంలో పడిపోతే, తీద్దాంలే అనుకుని ఇద్దరూ మరిచిపోయారట. అతను గట్టుకు ఆనుకుని కూర్చుని ఏడ్చాడు. స్నేహితుడు పోయాక అతను ఏడవడం అదే మొదలు. పక్కింటి అక్క అతని దగ్గరికి వెళ్లబోతే నాయనమ్మ ఆపింది.

చాలాసేపటికి అతను, "ఆమెకు నా మొఖం ఎట్ల చూపియ్యాలె అవ్వా. నేను బతికొచ్చిన గదా," అన్నాడు.

"చెంబు ఇచ్చి రా. ఆమె తిడితే పడు. ఏడిస్తే పక్కన కూసో," అంది నాయనమ్మ. "కని మల్ల రావాలె. నా బిందె ఇంక లోపల్నే ఉన్నది."

బస్సులు మళ్లీ నడిచాక అతను పాలకుర్తి వెళ్లాడు. నాలుగు రోజులు నాయనమ్మ తెల్లవారగానే వాకిట్లో కూర్చునేది. బిందె మేం తీస్తామని ఎవరైనా అంటే వద్దనేది. ఐదో రోజు అతను వచ్చి, భుజం మీది సంచి కూడా దించకుండా గాలం అందుకున్నాడు.

ఆ ఇల్లు ఇప్పుడు లేదు, బావి పూడ్చారు. తలుపు వేసుకుని కూర్చున్నవాళ్లను ఏమైందని నేను అడగను. నాకో పని చేసిపెట్టమని అడుగుతాను. కొందరు విసుక్కుంటూనైనా లేచి వచ్చారు. నా తమ్ముడి విషయంలో మాత్రం, అలసిపోయాడు, పడుకోనివ్వండి అన్నాను. వాడు మళ్లీ లేచి రాలేదు. ఆనాడు నాయనమ్మ గోడను చూస్తూ ఎందుకు మాట్లాడిందో అప్పుడు తెలిసింది.