మా బావమరిది డైరెక్ట్ రికార్డింగు

మా బావమరిది ఎడ్విన్‌కి ఆకివీడులో చేపల మేత దుకాణం ఉంది. దుకాణంలో కూర్చునేది గుమాస్తా. ఎడ్విన్ సంగీతకారుడు. ఆ మాట ఊళ్లో ఎవరూ అనలేదు, విజిటింగ్ కార్డు మీద అతనే వేయించుకున్నాడు.

రెండు వేల నాలుగులో హైదరాబాదు నుంచి డిజిటల్ పియానో తెప్పించాడు. అది వచ్చిన అట్టపెట్టెని కూడా పారేయనివ్వకుండా, దారిన పోయేవాళ్లకి కనబడేలా వరండాలో నిలబెట్టించాడు. వాయించడం మాత్రం అంతంతమాత్రమే. కుడిచెయ్యి పాట మొదలుపెడితే ఎడమచెయ్యి ఎప్పుడు దిగుదామా అని చూస్తూ ఉండేది.

ఆ పియానోలో పుట్టుకతో వచ్చిన శబ్దాలు చాలానే ఉన్నాయి. పెద్ద పియానో, చర్చి ఆర్గన్, వయొలిన్ల గుంపు, చివరికి పదిమంది గొంతు కలిపి ‘ఆ’ అన్నట్టు వినిపించేది కూడా ఒకటి. వాటిని ఇంట్లో కంప్యూటర్లోకి ఎక్కించడమే అతని జీవిత ధ్యేయం అయిపోయింది. మొదట పియానో ముందు చిన్న మైకు పెట్టి చూశాడు. ఇంటి పక్కనే చేపల చెరువు, గట్టు మీద నీళ్ల ఇంజను. వయొలిన్లు ఇంజనెక్కి ఊరేగినట్టు వచ్చాయి. అప్పుడు ఏలూరు వెళ్లి ఒక వైరు కొన్నాడు. దాని ఒక కొస పియానోకి హెడ్‌ఫోన్ పెట్టే కన్నంలో, రెండో కొస కంప్యూటర్ వెనక నీలం కన్నంలో పెట్టాడు. అలా పెడితే పియానో తన సొంత నోరు మూసుకుంటుంది. శబ్దం తిన్నగా వైరులోంచి కంప్యూటర్లోకి పోయి, దాని స్పీకర్లలో వినబడుతుంది. ఇంజను మోత లేదు, ఫ్యాను చప్పుడు లేదు, కాకి గోల లేదు. దీన్ని ‘డైరెక్ట్ రికార్డింగు’ అంటారట. తాడేపల్లిగూడెంలో మా ఇంటికొచ్చి కోడికూర తింటూ కూడా డైరెక్ట్ గురించే చెప్పేవాడు.

ఇక మా అత్తగారు రత్నమ్మ. ఆకివీడు చర్చిలో ఏళ్ల తరబడి పాట ఎత్తేది ఆవిడే. అక్కడి పద్ధతి అది. పాస్టరుగారు పాట నంబరు చెప్పి ఊరుకుంటారు. ఆడవాళ్ల చాపల వైపు నుంచి ఒక గొంతు లేవాలి. అది ఏ శ్రుతిలో లేస్తే అదే అందరికీ శ్రుతి, ఎంత నెమ్మదిగా నడిస్తే అదే నడక. వాయిద్యం ఎంత ఖరీదైనదైనా దాని వెనకే నడవాలి. అమ్మ శ్రుతి ఎప్పుడూ పియానో మీది రెండు మెట్ల మధ్యన పడుతుందని, అందుకే తన కళ పైకి రావడం లేదని ఎడ్విన్ బాధ. ఆడలేక మద్దెల ఓడు అనడం విన్నాను గాని, కన్నతల్లినే ఓడనడం ఇక్కడే చూశాను.

రెండేళ్ల తర్వాత అత్తగారికి మెడ దగ్గర గడ్డ లేచింది. ఆపరేషన్ తప్పదని, తర్వాత గొంతు మునుపటిలా ఉంటుందని మాట ఇవ్వలేనని ఏలూరు డాక్టరు ముందే చెప్పాడు. ఆవిడ భయపడలేదు. ఒక్కటే కోరింది. తను ఎప్పుడూ ఎత్తే పాటలు నాలుగు రికార్డు చేసి ఉంచమంది. రేపు తన గొంతు లేవకపోతే, క్రిస్మస్ ఆరాధనలో అది పెట్టుకుని అందరూ అందుకుంటారని ఆవిడ ఆశ. మా ఆవిడ పెర్సిస్ మా టేప్ రికార్డరు పట్టుకెళదామంది. ఎడ్విన్ నవ్వాడు.

“టేపులో ఇంజను మోతంతా పడిపోద్దండి బావగారూ. నేను డైరెక్ట్‌గా తీస్తాను కదండీ,” అన్నాడు.

కన్నకొడుకు, పైగా కంప్యూటరున్నవాడు. టేపు ఇంట్లోనే వదిలేసి వెళ్లాం.

ఆ రోజు అత్తగారు తలస్నానం చేసి, చర్చికి కట్టే తెల్లచీర కట్టుకుని పియానో పక్కన స్టూలు మీద కూర్చుంది. తన గొంతుకి అడ్డం రాకుండా ఉక్కలోనే ఫ్యాను ఆపించింది. మధ్యాహ్నమంతా పాడింది. గడ్డ నొక్కేసినప్పుడు చరణం మధ్యలో ఆగి, ఊపిరి తీసుకుని మళ్లీ అందుకునేది. ఆగిన చోటల్లా పియానో వాయిస్తున్న ఎడ్విన్ కూడా ఆగాడు. ఎన్ని వెక్కిరించినా, ఆ పూట మాత్రం తల్లి వెనక బుద్ధిగా నడిచాడని ఒప్పుకోవాలి. ఒకసారి ఆవిడకి అనుమానం వచ్చింది.

“నాది పడుతోందా నాన్నా?”

“అన్నీ పడుతున్నాయమ్మా. నువ్వు పాడు.”

ఆపరేషన్ అయింది. గడ్డ పోయింది, దాంతో గొంతూ పోయింది. ఆవిడకి గుసగుస ఒక్కటే మిగిలింది. అయినా దిగులు పడలేదు, పాటలు కొడుకు దగ్గర భద్రంగా ఉన్నాయని వచ్చినవాళ్లందరికీ సైగ చేసి చెప్పేది.

క్రిస్మస్ ఆరాధనకి ఎడ్విన్ సీడీ తెచ్చాడు. అట్ట మీద పియానో దగ్గర కూర్చున్న అతని ఫొటో. పాస్టరుగారు నంబరు చెప్పారు. సీడీ పెట్టారు. పియానో కడిగిన ముత్యంలా వచ్చింది. చాపల మీద ఆడవాళ్లంతా రత్నమ్మ గొంతు లేస్తే అందుకుందామని నోళ్లు తెరిచి కూర్చున్నారు. పల్లవి అయిపోయింది. ఆవిడ ఊపిరి తీసుకున్న చోట పియానో ఆగింది, మళ్లీ నడిచింది. వెనకాల ఏ దేశం వాళ్లో ‘ఆ’ అంటున్నారు. మా అత్తగారు ఎక్కడా లేదు.

వైరులోకి పియానో తప్ప ఇంకేదీ పోదు. ఆ సంగతి అతనికి ఆ రోజే తెలుసు. ముందు పియానో శుభ్రంగా తీసుకుని, గొంతు ఇంకో రోజు మైకులో తీసి కలుపుదామనుకున్నాడట. స్టూడియోల్లో అలాగే చేస్తారట. ఆవిడ చేత పాడించింది తనకి నడక అందడానికట. ఆ ఇంకో రోజు కాస్తా ‘ఆ’ శబ్దం ఎక్కడ అతికితే బాగుంటుందో చూసుకోవడంలో గడిచిపోయింది, ఈలోగా ఆపరేషన్ వచ్చిపడింది. ఇదంతా చర్చి బయట నాకు చెబుతుంటే నా చెయ్యి దురద పెట్టింది. పండగని ఊరుకున్నాను.

అత్తగారు మాత్రం కోప్పడలేదు. దగ్గరకొచ్చి, కొడుకు మొహంలోకి చూసి, ఆ గుసగుసతోనే అడిగింది.

“ఆ వైరులో నాకు చోటు లేకపోయిందా నాన్నా?”

పండగ వెళ్లగానే ఎడ్విన్ మంచి మైకు కొనుక్కొచ్చి తల్లి ముందు పెట్టాడు. బతిమాలితే కాదనలేక ఆవిడ మళ్లీ ఆ స్టూలు మీద కూర్చుని పెదాలు కదిపింది. ఆ రికార్డింగు కూడా నాకు వినిపించాడు. ఫ్యాను ఉంది, కాకులు ఉన్నాయి, చెరువు గట్టు మీద ఇంజను ఉంది. అన్నీ పడ్డాయి.