సూరత్ వదిలి సూరత్ చేరిన వైనం

మనిషి తప్పిపోవాలంటే జాతరలున్నాయి, అడవులున్నాయి. నలభై ఏళ్ల వయసులో, పట్టపగలు, పెళ్లాన్నీ కూతుర్నీ ఒక బస్సులో వదిలేసి ఇంకో బస్సులో తప్పిపోయిన మొనగాణ్ని మీరెక్కడైనా చూశారా? చూడకపోతే ఇప్పుడు చూసుకోండి. నేనే. ఆ ఒక్క ప్రయాణంలో నా ఉద్యోగం పోయింది, ఇల్లు పోయింది, బీరువా పోయింది, ఇంకాస్తలో సంసారం కూడా పోయేది. కాబట్టి నవ్వండి గానీ, మధ్యమధ్యలో కాస్త జాలి కూడా పడండి.

నాది సిరిసిల్ల. ఇరవై రెండేళ్లప్పుడు పని వెతుక్కుంటూ సూరత్ వచ్చి, ఖటోదరాలో ఒక కార్ఖానాలో మగ్గాలు బాగుచేసే మాస్టర్నయ్యాను. నేను చేసుకున్న భాగ్య సూరత్‌లోనే పుట్టింది, సూరత్‌లోనే పెరిగింది. వాళ్ల నాన్నదీ మా వైపే గానీ, ఆమెకు సిరిసిల్ల అంటే పెళ్లిళ్లకు పోయొచ్చే ఊరు, అంతే. కూరగాయలవాడితో గుజరాతీలో బేరమాడుతుంది, ఇరుగుపొరుగుతో హిందీలో ముచ్చట పెడుతుంది, నన్ను తిట్టాలంటే మాత్రం అచ్చ తెలుగులోకి దిగుతుంది. అందువల్ల మా ఇంట్లో తెలుగు బాగా బతికి ఉంది.

ఇక నా జబ్బు. సూరత్‌లో ఉన్నన్నాళ్లూ నాకు సిరిసిల్ల కావాలి. "పప్పుల బెల్లమేసే ఊళ్లె మనిషెట్ల బతుకుతడు?" అని కంచం ముందు రోజూ ఒక నిట్టూర్పు. వాన పడితే ఊరు గుర్తొచ్చేది, పడకపోయినా ఊరే గుర్తొచ్చేది. సరే కదా అని సెలవులకు సిరిసిల్ల వెళ్తే, మూడో రోజుకల్లా అరికాళ్లు దురదపెట్టేవి. టీకొట్టు దగ్గర కూర్చుని, "మా సూరత్‌ల అయితే పొద్దుగాల్నే శెనగపిండి ఉడికించిన వేడివేడి లోచో మీద నూనె పోసి, సేవ్ చల్లి ఇస్తరు. గీడ ఏమున్నది?" అని మొదలుపెట్టేవాణ్ని. దూరపు కొండలు నునుపంటారు పెద్దలు. నేను ఏ కొండ మీద నిలబడితే ఆ కొండే నాకు గరుకు.

"నువ్వు ఏడుంటె ఆడ ఉండవు," అనేది భాగ్య. "నడుమల ధూళియాల ఒక ఇల్లు కట్టుకో. పొద్దున అటు జూసి ఏడ్వు, మాపున ఇటు జూసి ఏడ్వు."

"నీకు తెల్వది. సొంతూరు సొంతూరే."

"మరి పోయినప్పుడల్లా వారం ముందే టికెట్ మార్చుకోని ఎందుకు ఉరికొస్తవ్?"

ఇలాంటి ప్రశ్నలకు నాకు ఎప్పుడూ ఆకలి వేసేది. వంటింట్లోకి పోయేవాణ్ని.

పెళ్లైన పదహారో ఏట, ఒక మే నెలలో, యథాప్రకారం "ఇగ పోదాం, సిరిసిల్లల సెటిలైదాం" అన్నాను. భాగ్య అప్పుడు చీర మీద రాళ్లు అతికే పనిలో ఉంది. మా వీధి ఆడవాళ్లు పదిమంది కలిసి చేసే పని అది, వాళ్లందరికీ ఈమె పెద్ద. చేతిలో చీర పక్కన పెట్టింది.

"పోదాం పా."

"ఏంది?"

"ఇల్లు ఖాళీ చేద్దాం. బిడ్డ శ్రావణి టీసీ తీసుకుందాం. నువ్వు పని ఇడిసిపెట్టు. పదహారేండ్ల సంది గిదే ముచ్చట యిని యిని నా చెవులు పోయినయ్."

"నిజంగనే?"

"నిజంగనే. గని ఒక్క మాట యాదుంచుకో. నేను పుట్టిన ఊరు ఇడిసిపెట్టి వస్తున్న. సిరిసిల్లల దిగినంక మల్ల 'సూరత్ మంచిగుండె, పోదాం' అన్నవో, నువ్వొక్కనివే పోతవ్. నేను రాను, పిల్ల రాదు. మల్ల మా మొకాలు నువ్వు చూసేది లేదు. ఇగ నీ ఇష్టం."

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. తర్వాత శ్రావణి చెబితే తెలిసింది నాకు. ఆ సమయంలో నేను బీరువా బస్సు మీదికి ఎట్లా ఎక్కించాలా అని జానలతో కొలుస్తున్నాను.

తర్వాతవన్నీ చకచకా జరిగిపోయాయి. ఇంటి తాళం ఓనర్‌కు ఇచ్చేశాం. శ్రావణి తొమ్మిదో తరగతికి వెళ్లాల్సిన బడి నుంచి టీసీ వచ్చింది. కార్ఖానాలో నా జాగాలో నా అసిస్టెంట్ సత్తయ్యను మాస్టర్ చేశారు. ఆ సత్తయ్యే కోసాడ్‌లో వాళ్లింటి ముందు నాకు దావత్ ఇచ్చాడు. శాలువా కప్పారు. నేను లేచి, "అన్నలారా, నన్ను నా మట్టి పిలుస్తున్నది," అని ఉపన్యాసం ఇచ్చాను. సత్తయ్య వెక్కివెక్కి ఏడ్చాడు. సగం నా మీద ప్రేమ, సగం సీసా మహిమ. ఆ సందట్లో ఎవరికీ కునుకు లేదు. తెల్లవారుజామున నాలుగింటికి అక్కడినుంచే అందరూ కలిసి మమ్మల్ని సిరిసిల్ల బస్సెక్కించారు.

మా వాళ్ల స్లీపర్ బస్సుల గురించి రెండు ముక్కలు. ఒకే ట్రావెల్స్ వాళ్లవి రెండు బస్సులు రోజూ ఒకే వేళకు బయల్దేరతాయి. ఒకటి ఇటునుంచి అటు, ఒకటి అటునుంచి ఇటు. రెంటికీ ఒకే పసుపు రంగు, ఒకే ఎర్ర పరదాలు. మధ్యాహ్నం భోజనానికి రెండూ ఔరంగాబాదు దాటాక ఒకే ఢాబా దగ్గర ఆగుతాయి. డ్రైవర్లు కలిసి తినాలి కదా మరి. నాది ఎనిమిదో నంబరు పై బెర్తు. కింద భాగ్య, శ్రావణి. నా ఫోన్ శ్రావణి చేతిలో ఉంది, ఏదో ఆట ఆడుతోంది. తల్లీకూతుళ్లకు ఆకలి లేదన్నారు. నేను పరదా వేసి, ఒక్కణ్నే దిగాను.

చేతులు కడుక్కుంటుంటే పక్కన ఒక బక్కపలుచని మనిషి. సిరిసిల్ల నుంచి వస్తున్నాడట, సూరత్‌కు మొదటిసారి, పని కోసం. భయంభయంగా అడిగాడు.

"అన్నా, సూరత్ ఎట్లుంటది?"

చూడండి, సూరత్‌కు శాశ్వతంగా దండం పెట్టి వచ్చిన మనిషి ఏం చెప్పాలి? "ఏదో ఉంటది తమ్మీ" అని ఊరుకోవాలి. నేనేం చెప్పాను?

"ఎట్లుంటదా? అరే తమ్మీ, పనిచేసే చెయ్యి ఉంటె సూరత్‌ల ఆకలితోని పన్నోడు లేడు. నీ కులమేంది, నీ అయ్య ఎవడని అడిగెటోడు లేడు. పొద్దుగాల ఒక కార్ఖానాల కొట్లాడి బయటికొస్తె, మాపటికి ఇంకో కార్ఖానాల పని!"

"మరి తిండి?"

"తిండా!" అన్నాను. ఇక అక్కణ్నుంచి నన్ను ఆపేవాడు లేడు. భోజనం చేస్తూ చెప్పాను, అతనికి చాయ్ తాగిస్తూ చెప్పాను. తాపీ నది ఒడ్డున చల్లగాలి గురించి చెప్పాను. నేను పదహారేళ్లు తిట్టిన పప్పులో బెల్లం కూడా ఆరోగ్యానికి మంచిదని చెప్పాను.

"అయితె మన సిరిసిల్ల కంటె నయమేనా అన్నా?"

"సిరిసిల్లకూ సూరత్‌కూ పోలికేంది తమ్మీ! సిరిసిల్లల ఏమున్నది, పక్కింటోళ్ల ముచ్చట తప్ప?"

హారన్ మోగింది. మాట మధ్యలో ఉంది కదా, ఆపడం ఎలా? మాట్లాడుకుంటూనే నడిచాం, మాట్లాడుకుంటూనే ఎక్కాం. అతను తన బెర్తులో కూర్చున్నాడు. ఇంకో రెండు సలహాలిచ్చి, ఎనిమిదో నంబరు బెర్తు ఎక్కి, ఎర్ర పరదా లాక్కుని పడుకున్నాను. రాత్రి నిద్ర లేదు, కడుపు నిండుగా ఉంది, పైగా మనసులో ఉన్నదంతా కక్కేశాను. అంత హాయైన నిద్ర నా జన్మలో పోలేదు.

ఆ బెర్తు మనిషి నాందేడ్‌లోనే దిగిపోయాడట. అందుకే ఖాళీగా దొరికింది. మా అసలు బస్సులో క్లీనర్, "అందరు ఎక్కిన్రా?" అని అడిగితే, మూసి ఉన్న పరదా చూసి భాగ్యే జవాబిచ్చిందట. "మా ఆయన ఎప్పుడో పన్నడు, నువ్వు పోనియ్యి." రెండు పడవల మీద కాళ్లు పెట్టినవాడు నీళ్లలో పడతాడు. రెండు ఊళ్ల మీద మనసు పెట్టినవాడికి బస్సు తేడా తెలియదు.

మెలకువ వచ్చేసరికి రాత్రి పది దాటింది. కిటికీలోంచి చూశాను. ఫ్లైఓవర్! "ఆర్నెల్లల్ల సిరిసిల్లల ఇది ఎప్పుడు కట్టిన్రు?" అనుకున్నాను. వరుసగా బట్టల దుకాణాలు. "పెరిగింది, మా ఊరు బాగా పెరిగింది." గుజరాతీలో బోర్డులు కనబడ్డాయి. మావాళ్లకు గుజరాతీ వ్యాపారుల మీద ఎంత గౌరవమో అనుకున్నాను. అప్పుడు బండి మీద చీరల మూటలు వేసుకుని ఒకడు మా బస్సుకు అడ్డంగా దూసుకుపోతూ, మా డ్రైవర్నే తిట్టాడు. ఆ తిట్టు నాకు బాగా తెలుసు. అది సూరత్ తిట్టు.

ఇప్పుడు ఒక నిజం చెబుతాను. అప్పుడు ముందుగా నాకు భయం వేయలేదు. పెళ్లాం, పిల్ల ఏమయ్యారోనన్న ఆలోచనా రాలేదు. ముందుగా వచ్చింది సంతోషం. హమ్మయ్య, ఇంటికొచ్చాను అనిపించి, ముఖం దానంతటదే విచ్చుకుంది. నవ్వుతూనే బస్సు దిగాను. నేల మీద కాలు పెట్టాకే వాళ్లిద్దరూ గుర్తొచ్చారు.

దిగీదిగగానే ట్రావెల్స్ ఆఫీసు మల్లేశం ఎదురుగా నిలబడి ఉన్నాడు. భాగ్యను చెల్లె అంటాడు, ఆ లెక్కన నేను బావను. చేతిలో ఫోన్ పట్టుకుని, నా ముఖంలోకి గుచ్చి గుచ్చి చూస్తున్నాడు.

"రా బావా. నీ కోసమే చూస్తున్న. ఇగో, చెల్లె."

ఫోన్ అందుకున్నాను.

"లేచినవా?" అంది భాగ్య.

"భాగ్యా! తప్పు బస్సెక్కిన! నీకెట్ల తెలిసింది? ఏడున్నరు మీరు?"

"నాందేడ్‌ల చాయ్‌కి ఆగినప్పుడు పిల్ల పరదా తీసింది. బొంత ఉన్నది, నువ్వు లేవు. నా పానం పోయినంత పనైంది. మా డ్రైవరు ఆ డ్రైవర్‌కు ఫోన్ చేసిండు. ఎనిమిదో నంబర్ల ఎవడో గురక పెడుతున్నడు, లేపాల్నా అని ఆయన అడిగిండు."

"లేపాలె గదా!"

"నేనే వద్దన్న."

"ఎందుకే?"

"సూరత్‌ల కండ్లు తెరిస్తె నీ మొకం ఎట్లుంటదో తెలుసుకోవాలని. దిగంగనే చూసి చెప్పుమని మల్లేశన్నకు చెప్పిన."

మల్లేశం నా భుజం మీదుగా ఫోన్లోకి అరిచాడు. "నవ్వుకుంట దిగిండు చెల్లే! పెండ్లికొడుకు లెక్క!"

నేను మల్లేశం నోరు మూయబోయాను.

"జర నిజం చెప్పు," అంది భాగ్య. "సూరత్ చూడంగనే ఎట్లనిపించింది నీకు?"

అబద్ధం చెప్పడానికి నోరు తెరిచాను. రాలేదు.

"ఇంటికొచ్చినట్టు అనిపించింది," అన్నాను.

అవతల ముక్కు చీదిన శబ్దం. ఆ తర్వాత మొదలైంది తెలుగు. ఇక్కడ రాయదగ్గవి మాత్రం రాస్తున్నాను. "గీ ఒక్క ముక్క పదహారేండ్ల కింద చెప్పొద్దా నువ్వు? ఇల్లు ఊడ్చి తాళం ఇచ్చేటప్పుడు నా కడుపుల ఎంత దుఃఖమైందో ఎరుకేనా? నీ కోసమని పిల్ల దోస్తులందర్నీ ఇడిసిపెట్టి వచ్చె. నేను నా ఆడోళ్లందర్నీ ఇడిసిపెట్టి వస్తి. నువ్వేమో నీ మట్టి, నీ మట్టి అని..."

అంతా విన్నాను. నేను చేసిందానికి అవి తక్కువే. చివర్లో భయంభయంగా అడిగాను.

"మరి నువ్వు పెట్టిన షరతు? నేనొక్కణ్నే ఉండాల్నా ఇగ?"

"షరతు సిరిసిల్లల దిగినంకది. మేమింక సిరిసిల్లల దిగలేదు గదా! నాందేడ్‌లనే దిగి మా చిన్నమ్మ ఇంటికొచ్చినం. రేపటి బస్సుకు సూరత్ వస్తం."

నేను ఏడ్చేశాను. సిగ్గులేకుండా, నడిరోడ్డు మీద.

"ఏడ్చుడు బంద్ చెయ్యి. ఆడికెళ్లి ఒక్క అడుగు కదలకు. లేకపోతె రేపు మేమిటొస్తుంటె నువ్వటు పోతవ్. ఫోన్ మల్లేశన్నకియ్యి."

ఆమె మల్లేశంతో ఏం చెప్పిందో నాకు వినపడలేదు. అతను మాత్రం "సరే చెల్లె, సరే చెల్లె" అని తలూపి, నా రెక్క పట్టుకుని పార్సిళ్ల గదిలోకి తీసుకెళ్లాడు. చీరల మూటల మధ్య చాప పరిచాడు. "చీటీ లేని మాల్ ఈ గదిల ఉండద్దు బావా, రూల్," అంటూ ఒక చీటీ రాసి నా జేబుకు పిన్ను పెట్టాడు. పంపినవారు: భాగ్య. తీసుకునేవారు: భాగ్య. మాల్: ఒక మనిషి. తాళం వేసుకుని వెళ్లాడు.

మర్నాడు తాళం తీసేసరికి కబురు సూరత్‌లోని తెలుగువాళ్లందరికీ చేరిపోయింది. సత్తయ్య నలుగుర్ని వెంటేసుకుని వచ్చాడు.

"మట్టి పిలుస్తున్నదంటివి గదనే అన్నా?"

"పిలిచింది సత్తయ్యా."

"మరి?"

"నాకు నిద్రపట్టింది."

వాళ్లు మూటల మీద పడి పొర్లి పొర్లి నవ్వారు. నవ్వు ఆగాక సత్తయ్య నన్ను మా కార్ఖానా సేఠ్ దగ్గరికి తీసుకెళ్లి నాకు మళ్లీ పని ఇప్పించాడు, తన కింద. నిన్నటిదాకా నా అసిస్టెంట్, ఇవాళ నా మాస్టర్. ఆరేళ్లైంది, ఇప్పటికీ మగ్గం చెడితే అతను వేలు చూపిస్తాడు, నేను దాని కింద దూరుతాను. పాత ఇల్లు పోయింది, సూరత్ చివర ఉన్ అనే పేటలో కొత్త ఇల్లు చూసుకున్నాం. మా బీరువా, మంచాలు మాత్రం దిగకుండా నేరుగా సిరిసిల్ల వెళ్లి, మా బాబాయి కొట్టంలో నెల రోజులు ఉండొచ్చాయి. మా ఇంట్లో సొంతూళ్లో సెటిలైంది అవే.

ఇంతకీ ఆ రాత్రి భాగ్య వాళ్ల బస్సొచ్చింది. భాగ్య దిగింది. నేను ముందుకు ఉరకబోతే మల్లేశం అడ్డంగా చెయ్యి పెట్టాడు.

"ఆగు బావా, డెలివరీ కాలే." రిజిస్టర్ తెరిచాడు. "చెల్లె, ఈడ సంతకం పెట్టు. ముందుగాల మాల్ మంచిగున్నదో లేదో చూసుకో. తర్వాత మాదేం బాధ్యత లేదు."

భాగ్య నన్ను తల నుంచి కాళ్ల దాకా చూసింది. చుట్టూ ఒకసారి తిప్పి చూసింది.

"డ్యామేజీ ఏమన్న ఉన్నదా?" అన్నాడు మల్లేశం, పెన్ను పట్టుకుని.

"ఉన్నది," అంది. "గని మీ తాన కాలేదు అన్నా. మా నాయిన నాకు పార్సిల్ చేసిననాడే గిట్ల ఉండె. వాపస్ తీసుకుంటరేమో అడిగితి, తీసుకోరంట. గట్లనే రాసుకో."

సంతకం పెట్టింది. కాబట్టి అధికారికంగా నేను ఇప్పుడు సూరత్ వాసిని.

ఆనాడే, వచ్చే పోయే బస్సుల సాక్షిగా ప్రమాణం చేశాను. ఇక ఈ జన్మలో ఏ ఊరు మంచిదని ఎవరడిగినా నోరు విప్పను. విప్పితే కూర్చుని విప్పుతాను గానీ నడుస్తూ విప్పను. దారిలో ఎక్కడ బస్సు ఆగినా దిగను గాక దిగను. ఆకలైతే పస్తుంటాను, అంతకన్నా అవసరమైతే ఓర్చుకుంటాను.