అవ్వ నోటికి తాళం

తాతముత్తాతలు తెలుగులోనే బేరమాడి, తెలుగులోనే భగవంతుణ్ణి వేడుకొని తరతరాలు గడిపిన చెన్నపట్టణపు గోవిందప్ప నాయకర్ వీధిలో, ఇరవయ్యో శతాబ్ది ముగియవస్తున్న ఆ రోజులలో, పప్పుల టోకు వర్తకుడు రంగనాథం తన మూడేండ్ల కూతురు నందితకు పేరుమోసిన కాన్వెంటులో ఎల్‌కేజీ సీటు కోసమని ఇంట్లో తెలుగును నిషేధించాడు. కందిపప్పును బొటనవ్రేలితో నలిపి పాతదో కొత్తదో చెప్పగల ఆ మనిషి, అదే వ్రేలితో బిడ్డ గడ్డమెత్తి, ఆపిల్ రంగేమిటని ఇంగ్లీషులో అడిగేవాడు. బిడ్డ తడబడితే అన్నం ముద్ద ఆగిపోయేది. ఇంగ్లీషు రాని తన తల్లి కస్తూరమ్మను పాప ఎదుట నోరే మెదపవద్దన్నాడు.

“నీకు మాటలు నేర్పింది ఈ నోరే కదరా!”

“అందుకే కదమ్మా నేను ఈడ పప్పుల కొట్లో కూర్చోనుండేది! ఇంటర్‌వ్యూ అయ్యేదాకా నోరెత్తకుండా సుమ్మా ఉండు.”

ప్రహ్లాదుని కథ చెబుతూ ముద్దలు పెట్టిన అవ్వ చేయి, నాటినుండి నెలల తరబడి మౌనంగానే పెట్టింది.

ఇంటర్‌వ్యూలో నందిత అన్నింటికీ చక్కగా జవాబిచ్చింది. ఇంట్లో కథలు అవ్వ చెబుతుందా అని హెడ్‌మిస్ట్రెస్ అడిగితే, అవ్వకు మాటలు రావని ఇంగ్లీషులోనే చెప్పింది. ఆమె జాలిగా తండ్రివైపు చూసింది. కాదంటే సీటు జారిపోతుందేమోనన్న భయంతో రంగనాథం తలవంచి, “యెస్ మేడమ్” అన్నాడు.

సీటు దొరికింది. మిఠాయి పొట్లంతో గడప దాటగానే, “దొరికిందా నాయనా?” అని కస్తూరమ్మ ఆత్రంగా అడిగింది. ఆ గొంతు విని పాప జడుసుకొని తండ్రి కాళ్ళను చుట్టేసుకుంది.

వాగ్దేవి ఆ గృహాన్ని కటాక్షించుగాక! నందిత విద్యావతియై వర్ధిల్లుగాక! రంగనాథం ముసలితనాన అతని నోటికి ఎవ్వరూ తాళం వేయకుందురుగాక!