శోకాల సిస్టర్ కోటు చెయ్యి

తన కష్టాలు ఏకరువు పెట్టకుండా శోకాల సిస్టర్ ఎవరి కంట్లోనూ చుక్కల మందు వేసిన పాపాన పోలేదు. కంటి వార్డులో ఆవిడకి ఆ పేరు పెట్టిందెవరో గానీ, వాళ్ల నోట్లో పంచదార పోయాలి. ఆపరేషన్‌కి ముందు ధైర్యం చెప్పాల్సిన మనిషి, మంచం పక్కన స్టూలు లాక్కుని కూలబడి, "నా బతుకెందుకు లెండి!" అని మొదలుపెట్టేది.

నాలుగో మంచం టైలర్‌కి అసలే ప్రాణాలు గుప్పిట్లో ఉన్నాయి. ఒక కన్ను ఏనాడో పోయింది. మిగిలిన కంట్లో శుక్లం ముదిరింది. ఇదీ పోతే సూదిలోకి దారం ఎలా ఎక్కుతుంది, పొయ్యిలో పిల్లి ఎలా లేస్తుంది? తల కదిలితే ప్రమాదమని డాక్టర్ చెప్పిన క్షణం నుంచీ తల వణుకుతూనే ఉంది. ఇప్పటికి రెండుసార్లు థియేటర్ గుమ్మం దాకా వెళ్లి వెనక్కొచ్చేశాడు.

"కోయించుకోకపోతే ఈ మసకైనా మిగులుతుంది కదమ్మా. నావల్ల కాదు, వెళ్లిపోతాను."

"మీకేం బాబూ, వెళ్లిపోతారు! నేనెక్కడికి పోను? ఇది చూడండి!" అంటూ సిస్టర్ ఒక తెల్లకోటు ఆయన చేతుల్లో పడేసింది. "భుజం దగ్గర చెయ్యి ఊడింది. నిన్ననే కుట్టించాను. పెద్ద సిస్టర్ చూస్తే నన్ను బతకనిస్తుందా? అంతా నా ఖర్మ!"

కంట్లో వేసిన మందుకి చూపు అలుక్కుపోయింది. టైలర్ వేళ్లతో తడిమాడు.

"ఏ వెధవ కుట్టాడండీ ఇది?"

"నా మొహానికి మంచి టైలర్ కూడానా!"

"ఊరుకోండమ్మా, నేను లేనూ? ఆపరేషన్ అయ్యి కట్టు విప్పనివ్వండి, జన్మలో ఊడకుండా కుట్టిపెడతాను."

ఆపరేషన్ బల్ల మీద పడుకున్నా అదే ధ్యాస. చంక దగ్గర గుడ్డ ఎంత వదలాలి, ఒంటి కుట్టా, జంట కుట్టా? ఆ లెక్కల్లో తల వణకడం మర్చిపోయింది.

మర్నాడు కట్టు విప్పారు. లోకం కడిగి ఆరేసినట్టుంది. వారం దాకా సూది పట్టొద్దన్నాడు డాక్టర్. చూడ్డానికేం అడ్డమని టైలర్ కోటు తెప్పించుకున్నాడు. చూసి నోరు తెరిచాడు. ఊడిన కుట్టు కాదది. ఎవరో బ్లేడు పెట్టి, ఒక్కొక్క కుట్టే ఓపిగ్గా విప్పారు.

ఇంతలో పక్క మంచం దగ్గర్నుంచి, "నా బతుకెందుకు లెండి! వాచీ కూడా ఆగిపోయింది!"

ఆ మంచం మీదున్నాయన వాచీలు బాగుచేసేవాడు. అంతవరకూ గోడవైపు తిరిగి ఏడుస్తున్నవాడల్లా లేచి కూర్చున్నాడు. "ఏడవకండమ్మా, ఇటివ్వండి చూస్తాను."

సిస్టర్ వాచీ ఆగిపోయేలా దాని పక్కనుండే కీ మరను గోటితో బయటికి లాగి ఇవ్వడం టైలర్ కొత్త కంటికి స్పష్టంగా కనబడింది. ఆవిడా ఇటు చూసి గతుక్కుమంది.

టైలర్ కోటు మడిచి ఒళ్లో పెట్టుకుని, వాచీలాయన వైపు తిరిగి నిట్టూర్చాడు. "పాపం, ఈవిడ కష్టాలు పగవాడికి కూడా రాకూడదండీ. మీరే ఏదో ఒకటి చెయ్యాలి."