ఒంటి గీటు తూటా

మా చిన్నప్పుడు చింతపండు పులుసుకే కాదు... తూటాలకు కూడా కావాల్సి వచ్చేది. మధ్యాహ్నం అన్నాలయ్యాక అమ్మ పులుసు పిసికిన పిప్పి నా చేతిలో పెట్టేది. నేను వసారాలో కూర్చుని, పేలిపోయిన ఇత్తడి తూటాలను దాంతో తళతళలాడేదాకా తోమేదాన్ని.

వినేవాళ్ళకు వింతగా ఉంటుంది గానీ, వాకాడు వైపు పొలాలున్న మేం అడవిపందులతో వేగలేక చచ్చేవాళ్ళం. పాలు పోసుకున్న వరిని ఒక్క పూటలో దున్నేసి పోయేవి. మా నాయన మిలిటరీలో పనిచేసి వచ్చిన మనిషి. పంట కాపలాకని ఆయనకు లైసెన్సు రైఫిల్ ఒకటి ఉండేది. మా చిన్నాయనకు ఒకటి, పక్క పొలం సుబ్బన్నకు ఒకటి.

కొత్త తూటాలు కావాలంటే నెల్లూరికి పోవాలి... పోయినా దొరుకుతాయని నమ్మకం లేదు. అందుకని మూడు రైఫిళ్ళ ఖాళీ తూటాలకూ మళ్ళీ మందు పోసి గుండు బిగించే పని మా నాయనే చేసేవాడు. ఆ పని జరిగేటప్పుడు ఇంట్లో పొయ్యి ఆర్పేయాల్సిందే, నేను ఆ గది గడప తొక్కకూడదు. తోమడం, ఏరడం వరకే నా వంతు.

ఏరడం అంటే... ఏ రైఫిల్లో పేలిన తూటా ఆ రైఫిల్‌కే పోవాలి. ఒకదానిది ఇంకోదాంట్లో సరిగ్గా కూర్చోదని నాయన చెప్పేవాడు. అందుకే తూటా అడుగు అంచున ఆకురాయితో గీటు పెట్టేవాడు. మాది ఒంటి గీటు, చిన్నాయనది రెండు, సుబ్బన్నది మూడు. ఎవరి డబ్బా వాళ్ళది. నాకైతే చిన్నాయన తూటాకు గీటు చూడాల్సిన పనే ఉండేది కాదు. ఆయన రైఫిల్ లోపలి సూది తూటా అడుగున నడిమధ్యన కాకుండా ఒక పక్కకు పొడిచేది. ఆ సొట్ట చూస్తే చాలు.

చిన్నాయనంటే నాకు ప్రాణం. నాయన కోప్పడితే నన్ను భుజానికెత్తుకుని బజారుకు తీసుకుపోయేది ఆయనే.

మా ఊరికి ఒక కట్టుబాటుంది. చెరువు నీళ్ళలోనే పెరిగే కడప చెట్ల మీద సంచిముక్కు గూడబాతులు గూళ్ళు పెట్టింది మొదలు, పిల్లలు ఎగిరిపోయేదాకా ఊళ్ళో తుపాకీ పేలకూడదు. దీపావళికి టపాకాయ కూడా కాల్చరు. ఆ పక్షులు రాకపోతే వాన రాదని నమ్మకం. వాటి రెట్ట కలిసిన నీళ్ళతోనే మా పొలాలు పండేవి. మేం చర్చికి పోయేవాళ్ళమే గానీ, ఆ మాట దగ్గర ఊరంతా ఒకటే. ఆ నెలల్లో, నింపిపెట్టిన ముగ్గురి తూటాలూ మా ఇంటి అటక మీదే ఉండేవి. నాయన మీద నమ్మకంతో ఊరు అప్పగించిన పని అది.

ఒక ఏడు బాతులు వచ్చేనాటికే చిన్నాయన డబ్బా ఖాళీ అయింది. "అన్నా, పందులు పడతావుండాయి, నాలుగు నింపియ్యి," అని అడిగాడు.

"పిల్లల్ని ఎగిరిపోనీరా," అన్నాడు నాయన.

కొన్నాళ్ళకు తెల్లారేసరికి చెరువు కట్ట మీద గూడబాతు చచ్చి పడుంది. ఆ పక్కనే ఖాళీ తూటా. ఊరి పెద్ద దాన్ని తెచ్చి నాయన అరచేతిలో పెట్టాడు. వెనక ఊరంతా నిలబడి ఉంది.

"ఇది నీ గీటే గదా మిలిటరీ అన్నా?"

నాయన తూటాను తిప్పి చూశాడు. పక్కనే ఉన్న నేనూ చూశాను. అంచున ఒంటి గీటు, మాదే. కానీ సొట్ట మాత్రం పక్కకు పడి ఉంది. సరిగ్గా ఇమడక మెడ దగ్గర చీలింది కూడా. మా డబ్బాలోది తీసి చిన్నాయన తన రైఫిల్లో పేల్చాడు. అన్న ఇంట్లో అటక మీద చెయ్యి పెడితే ఆయన్ను ఎవరడుగుతారు... పందికే గురిపెట్టాడో, ఏమో.

నాయన తలెత్తి తమ్ముడి వైపు చూశాడు. స్తంభానికి ఆనుకుని ఉన్న చిన్నాయన కాలి వేళ్ళ వైపు చూసుకుంటూ అన్నాడు...

"పందికని కాల్చినావేమో అన్నా? మబ్బుచీకట్లో కనపడక దానికి తగిలిందేమో."

నా ఒళ్ళు మండిపోయింది. నోరు తెరిచేలోపు నాయన నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"తూటా మాదే," అన్నాడు.

ఎవరూ అరవలేదు, తిట్టలేదు. తిట్టినా బాగుండేది. నాయన రైఫిల్‌ని స్టేషన్లో అప్పగించి వచ్చాడు. సుబ్బన్న తన డబ్బా పట్టుకుపోయాడు. వీధిలో ఆగి పలకరించే మనుషులు తల తిప్పుకుని పోయేవాళ్ళు. బళ్ళో నన్ను బాతును చంపినోడి కూతురన్నారు.

"ఎవరి పనో తెలిసీ నోరెందుకు మూసుకున్నావు?" అని అమ్మ ఏడ్చింది.

"నేను చెప్తే ఏముందిమే? వాడు చెప్పాల. చెప్తాడు, చూస్తా ఉండు."

చూస్తూనే ఉన్నాడు నాయన... ముసలివాడయ్యేదాకా. చిన్నాయన వచ్చేవాడు, నాయన పక్కనే కూర్చుని తినేవాడు, ఆ ఒక్కటీ తప్ప అన్నీ మాట్లాడేవాడు. ఆయన తెచ్చింది నేను ముట్టకపోతే "ఏందమ్మణ్ణీ, అలిగినావా?" అని నవ్వేవాడు. కనీసం తేలు కుట్టిన దొంగలా ఉన్నా సరిపెట్టుకునేదాన్ని. ఆయన ముఖంలో అదీ లేదు.

పోయిన నెల మా నాయన ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయాడు. సంతాపానికి పెట్టిన ఆదరణ కూటంలో చిన్నాయన కళ్ళు తుడుచుకుంటూ సాక్ష్యం చెప్పడానికి లేచాడు.

"మా అన్న బంగారం. ఆయన చేసిన తప్పు ఒకటే, ఆ గూడబాతు. దాన్ని కూడా దాచకుండా నలుగురి ముందర ఒప్పుకున్నాడు. ప్రభువు క్షమించినాడు."

అందరూ ఆమెన్ అన్నారు. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

ఇప్పుడు ఆ పొలాలన్నీ రొయ్యల గుంటలు. పందులు లేవు, రైఫిళ్ళు లేవు, తూటాకు గీటు పెట్టే మనిషీ లేడు... తమ్ముడే నిజం చెప్తాడని బతుకంతా కాచుకునే అన్నలు ఇంకెక్కడైనా ఉన్నారా? మీ ఇళ్ళల్లో ఒకరి నింద మోసి వెళ్ళిపోయినవాళ్ళుంటే, వాళ్ళ పేరు ఈ పోస్టు కింద రాయండి. ఒక్కసారైనా నలుగురూ చదవనీ.

మా చిన్నాయన కూడా ఇక్కడే ఉన్నాడు. నేను ఏం పెట్టినా మొదటి లైకు ఆయనదే. దీన్నీ చదువుతాడు.

ఆ తూటా మాదే చిన్నాయనా... పేలింది నీ రైఫిల్లో.