మా ట్రైలర్ మోయగలిగినంత

మా ఆయనకు గ్లాకోమా ముదిరి, ఇక కారు నడపొద్దని డాక్టర్ చెప్పిన ఏడాదే మేము ట్రావెల్ ట్రైలర్, అంటే బండికి తగిలించి లాక్కెళ్లే చిన్న చక్రాల ఇల్లు, కొన్నాం. మేముండే టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో మమ్మల్ని ఎరిగినవాళ్లంతా ఇదేం తిక్క అనుకున్నారు. మాకు మాత్రం అందులో తిక్కేమీ కనిపించలేదు. చూపు ఉన్నంతలోనే ఈ దేశంలోని కొండలూ ఎడారులూ చూసేయాలని ఆయన పంతం. పక్కచూపు పోవడంతో, విమానాశ్రయాల్లో పక్కనుంచి ఎవరొచ్చి గుద్దుకుంటారో ఆయనకు తెలియదు. కొత్త హోటల్ గదిలో ప్రతిసారీ మంచం అంచు మోకాలికి తగిలేది. అదే ట్రైలరైతే మంచమూ, పొయ్యీ, బాత్‌రూమ్ తలుపూ ఎప్పుడూ ఉన్నచోటే ఉంటాయి, చేతికి అలవాటైపోతాయి. దాన్ని లాగే పికప్ ట్రక్ నడిపే పని మాత్రం నా మీద పడింది.

నేను ఆస్పత్రి ల్యాబ్‌లో పనిచేసి రిటైరయ్యాను. అంతవరకూ చిన్న కారు తప్ప మరేదీ నడిపి ఎరగను. ఆదివారాలు మా ఊళ్లోనే ఉన్న లాస్ కొలినాస్‌లో ఆఫీసుల ముందు ఖాళీగా ఉండే పార్కింగ్ లాట్లలో రివర్స్ చేయడం నేర్చుకున్నాను. ఆయన పక్క సీట్లో కూర్చుని, ఫోన్‌లో విన్న వీడియోల సారమంతా నాకు పాఠం చెప్పేవారు. చిన్న తెర మీది బొమ్మ సరిగా కనిపించకపోయినా వాటిని ఆయన శ్రద్ధగా వినేవారు.

రెండు చిన్న ప్రయాణాలు బాగానే జరిగాయి. మూడోది స్నేహితులతో. ఓక్లహామాలో ఒక చెరువు పక్కన క్యాంపింగ్‌కు నాలుగు తెలుగు కుటుంబాలు కలిసి వెళ్దామనుకున్నాం. మిగతావాళ్లకు టెంట్లు, మాకు ట్రైలర్. బయల్దేరే ముందురోజు సాయంత్రం మా డ్రైవ్‌వే పెళ్లివారి విడిదిలా తయారైంది.

"అక్కా, మీ ట్రైలర్ ఖాళీయే కదా, ఈ రైస్ బ్యాగులు పెట్టేస్తాను" అంటూ ఒకావిడ వచ్చింది. ఆమె వెనకే వాళ్లాయన వెట్ గ్రైండర్ మోసుకొచ్చాడు. క్యాంపింగ్‌లో వెట్ గ్రైండర్ ఎందుకని నేను అడగలేదు. పొద్దున్నే వేడివేడి గారెలు తినాలని అందరికీ ఉంది, నాకూ ఉంది. తర్వాత ఇనుప పొయ్యిలు, పెద్ద డేగిశాలు, మడత కుర్చీలు, డ్రింకుల కేసులు, ఐస్ నింపిన పెట్టెలు వచ్చాయి. ఎవరో నాలుగు సైకిళ్లు తెచ్చి వెనక బంపర్‌కు బిగించారు. లోపల సామాను పెట్టడానికి వీలైన బంక్ బెడ్లున్నది కూడా వెనక వైపే కాబట్టి, బరువైనవన్నీ అక్కడే సర్దాం. అక్కడ నీళ్లు ఎలా ఉంటాయోనని ట్యాంక్ కూడా నిండా పట్టాం.

"ఇంత వేస్తే పర్లేదాండీ?" అని మా ఆయన్ని అడిగాను.

"మన ట్రక్ తొమ్మిది వేల పౌండ్లు లాగుతుందోయ్. ట్రైలర్ అందులో సగానికి కాస్త ఎక్కువ. ఏం భయంలేదు" అన్నారు. నాకూ అది సబబుగానే తోచింది.

మర్నాడు పొద్దున డెంటన్ ఊరు దాటేదాకా అంతా సవ్యంగానే ఉంది. స్నేహితుల కార్లు ముందు వెళ్లిపోయాయి. ఊళ్లు పలచబడి, మైదానం మీదుగా గాలి అడ్డంగా కొట్టసాగింది. ఒక వాలు దిగుతుండగా పెద్ద లారీ ఒకటి మమ్మల్ని దాటుకుపోయింది. అది విసిరిన గాలికి ట్రైలర్ ఒక పక్కకు ఒరిగి, వెంటనే రెండో పక్కకు ఊగింది. ఆ ఊపు అక్కడితో ఆగలేదు, ప్రతిసారికీ పెరుగుతోంది. అద్దంలో ట్రైలర్ తోక పక్క లేన్‌లోకి పోయి వస్తోంది. ట్రక్ వెనక చక్రాలను ఎవరో పట్టుకుని అటూ ఇటూ ఈడుస్తున్నట్టుంది. నా కాలు దానంతటదే బ్రేక్ మీదికి పోయింది.

"బ్రేక్ తొక్కకు!" అన్నారాయన. గొంతు పెద్దదే గానీ అందులో కంగారు లేదు. "గ్యాస్ పెడల్ మీంచి కాలు తీసెయ్. స్టీరింగ్ తిప్పకు, తిన్నగా పట్టుకో. ఇప్పుడు చేత్తో ట్రైలర్ బ్రేక్ మెల్లగా నొక్కు."

ట్రైలర్ బ్రేకును విడిగా వేసే చిన్న మీట స్టీరింగ్ కింద ఉంటుంది. వెతికి నొక్కాను. ముందున్న రోడ్డు కూడా సరిగా కనిపించని మనిషి, సీటు కింద తెలిసే కదలికను బట్టి "ఇంకొంచెం... ఆఁ, తగ్గుతోంది... అలాగే ఉంచు" అని చెబుతూ పోయారు. ఊపు చిన్నదై, మరీ చిన్నదై, ఆగిపోయింది. తర్వాతి ఎగ్జిట్‌లో లారీలు ఆగే ట్రక్ స్టాప్ కనిపిస్తే అక్కడికి పాకినట్టు వెళ్లి ఆపాను. ఇంజిన్ ఆపాక కూడా నా చేతులు స్టీరింగ్‌ను వదల్లేదు. ఆయనే ఒక్కో వేలూ విడదీసి, "చాలా బాగా ఆపావు" అన్నారు. అప్పుడు ఏడుపొచ్చింది.

టైర్లు చూశాం, బాగానే ఉన్నాయి. ట్రక్కుకు ట్రైలర్ తగిలించిన చోట గొలుసులూ బాగానే ఉన్నాయి. మంచినీళ్ల కోసం ట్రైలర్ తలుపు తీసినప్పుడు, లోపల అంటించిన పసుపు స్టిక్కర్ మీద కళ్లు పడ్డాయి. ఎక్కినప్పుడల్లా చూసేదే, ఎన్నడూ చదవలేదు. పైకి చదివాను. ఈ ట్రైలర్‌లో వేసే సరుకు పదకొండు వందల పౌండ్లు మించరాదని రాసి ఉంది. ట్యాంకులో నింపిన నీళ్లు కూడా అందులో భాగమేనట.

"మనం చూసింది ట్రక్ ఎంత లాగుతుందని. ట్రైలర్ తన ఒంటి మీద ఎంత మోస్తుందో చూడనేలేదు" అన్నారాయన. "నీళ్లే మూడు వందల పౌండ్ల పైన ఉంటాయి. పైగా బరువంతా వెనకే పెట్టాం. వెనక బరువెక్కితే ముందు కొస ట్రక్ మీద ఆనకుండా తేలిపోతుంది. ఊగక ఏం చేస్తుంది?"

లారీలను తూచే కాటా అక్కడే ఉంది. ట్రక్కునూ ట్రైలర్‌నూ దాని మీదికి ఎక్కించాను. ట్రైలర్ చక్రాల మీద పడుతున్న బరువు ఒక్కటే దాని హద్దు కన్నా ఆరువందల పౌండ్లు ఎక్కువ ఉంది. ఆ అంకె చూసి నాకు భయం వేయాలి. వేయలేదు సరికదా, ప్రాణం కుదుటపడింది. అంతసేపూ తప్పు నా డ్రైవింగ్‌లో ఉందనీ, ఈ వయసులో నాకిది చేతకాదనీ, ఆయన కోరిక ఇక్కడితో ఆగిపోతుందనీ లోలోపల కుమిలిపోతున్నాను. ఇది బరువు సంగతట. బరువైతే దింపుకోవచ్చు.

ఇక మిగిలింది స్నేహితులకు చెప్పడం. మీ సామాను తీసుకుపొండి అని ఎలా అనాలా అని తటపటాయిస్తూనే రైస్ బ్యాగులు తెచ్చినావిడకు ఫోన్ చేశాను. జరిగింది వినగానే ఆవిడ గొంతు మారిపోయింది.

"అయ్యో అక్కా! ముందు మీరిద్దరూ ఓకేనా? అక్కడే ఉండండి, కదలకండి. మేం యూ-టర్న్ తీసుకుని వస్తున్నాం."

కాసేపటికి మూడు కార్లూ వెనక్కి వచ్చాయి. ఎవరూ మొహం ముడుచుకోలేదు. డేగిశాల్లో చెప్పులు, డేగిశాల మీద పిల్లలు అన్నట్టుగా సర్దుకున్నారు. సైకిళ్లు కార్ల మీదికెక్కాయి. బియ్యం, డ్రింకులు, ఐస్ పెట్టెలు కార్లలోకి పోయాయి. గ్రైండర్ తెచ్చినాయన దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చుంటానంటే, "పెట్టుకో, నువ్వే కదా తెచ్చావ్" అని వాళ్లావిడ నవ్వింది. నీళ్లు వదిలే చోటు అడిగి తెలుసుకుని ట్యాంక్ ఖాళీ చేశాం. మిగిలినవాటిలో బరువైనవి చక్రాలకు కాస్త ముందు, కిందుగా సర్ది, కదలకుండా కట్టాం. మళ్లీ తూచాం. ఈసారి హద్దుకు లోపలే ఉంది. ఆ చీటీ చూసి అందరూ చప్పట్లు కొట్టారు. పక్కనున్న లారీ డ్రైవర్లు ఏం సంబరమోనని తొంగి చూశారు.

మళ్లీ హైవే ఎక్కాం. నెమ్మదిగా, కుడి లేన్‌లోనే నడిపాను. ముందు ఒక కారు, వెనక రెండు కార్లు మాకు కాపలాగా వచ్చాయి. మరో పెద్ద లారీ దాటిపోయింది. భుజాలు బిగించుకుని ఎదురుచూశాను. ట్రైలర్ ఒకసారి తలూపినట్టు కదిలి, బుద్ధిగా వెనకే వచ్చింది.

"పోయిందా లారీ?" అని అడిగారాయన.

"పోయింది."

"నాకేం తెలియలేదే" అంటూ ఆయన సీటు వెనక్కి వాల్చుకున్నారు. ఓక్లహామా సరిహద్దులోని రెడ్ రివర్ వంతెన వచ్చేసరికి గురక పెడుతున్నారు. నది ఎర్రగా, వెడల్పుగా పారుతోంది. చూపిద్దామని లేపబోయి, ఊరుకున్నాను. తిరిగి వచ్చేటప్పుడూ ఆ వంతెన మీదుగానే కదా రావాలి.